చుట్ల పుస్తకం

“ఖాళీగానే ఉన్నావు గదా, దీన్ని కాత్త సూడు.”

గౌరీశంకర్ ఈ మాట అనేటప్పటికి రోహిణి ఒక చేత్తో పప్పులో పోపు పెడుతోంది, రెండో చేత్తో కూతురు నవ్య టిఫిన్ డబ్బా మూత బిగిస్తోంది, నోటితో అత్తగారికి బీపీ మాత్రలు ఏ సీసా వెనకాల ఉన్నాయో చెబుతోంది. ఇంకా ఖాళీగా మిగిలినవేవైనా ఉంటే అవి ఆవిడ కాళ్ళే. వాటితోనే వెనక వరండాలోకి వెళ్ళి, గోనెసంచిలో చుట్టి ఆయన తెచ్చి పడేసిన మోటారుని చూసింది. మూడు హార్స్‌పవరుది, ఏదో పిండిమర తాలూకు. లోపలి తీగ సగం మాడి బొగ్గయింది, సగం బాగానే ఉంది. అంటే మూడు ఫేజుల్లో ఒకదానికి కరెంటు రాకపోయినా ఎవరో మహానుభావుడు ఆపకుండా నడిపించేశాడన్నమాట. ఆ సంగతి పైకి అంటే “అబ్బో, ఇంజినీరమ్మ” అంటాడు మొగుడు. అందుకని అనలేదు.

“రేపటికి కావాల,” అని చెప్పి ఆయన స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

గౌరీశంకర్ మంచివాడే. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. తాగడు, చెయ్యెత్తడు, జీతగాళ్ళని తిట్టడు. ఈ మూడూ ఆయన చెయ్యడని అత్తగారు నూకమ్మ రోజుకొకసారైనా గుర్తు చేస్తుంది, చెయ్యకపోవడం కూడా ఒక ఉద్యోగమైనట్టు. నూకమ్మ రోహిణికి సొంత మేనత్త. ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో తమ్ముడి కూతుర్ని ఏరి కోరి ఈ జంషెడ్‌పూర్‌కి కోడల్ని చేసుకుంది. కాబట్టి రోహిణికి మొగుడు బావ, అత్తగారు అత్త, ఏమన్నా అంటే అంతా మనవాళ్ళే అన్నమాట. మనవాళ్ళ దగ్గర చేసిన పనికి పేరేమిటి, పెట్టుబడేమిటి అని ఎవరూ అడగరు గదా.

భాలుబాసాలో గౌరీశంకర్‌కి ఒక షాపుంది. మోటార్ వైండింగ్, గ్యారంటీతో, అని హిందీలో ఎర్ర అక్షరాల బోర్డు. కాలిపోయిన మోటార్లు తీసుకోవడం, విప్పడం, బేరింగులు మార్చడం, గిరాకీతో మాట్లాడటం, టీ తెప్పించడం, తయారయ్యాక బిగించి అప్పజెప్పడం, ఇవన్నీ షాపులో ఆయన చేస్తాడు. బాగా చేస్తాడు. కాకపోతే విప్పడానికీ బిగించడానికీ మధ్య జరగాల్సిన అసలు పని ఒకటుంది. మాడిన తీగ పీకి, ఇనపగుండు లోపలి గాడుల్లో, అంటే స్లాట్లలో, కొత్త కాగితం పెట్టి, సరైన నంబరు రాగితీగని సరైనన్ని చుట్లు చుట్టి, ఒక్కొక్క తీగా గీత పడకుండా స్లాటులోకి దించి, వెదురుపుల్లలతో బిగించి, దారంతో కట్టి, వార్నిష్ పోసి, పెద్ద బల్బు కింద ఆరబెట్టడం. ఆ పని సీతారాండేరాలో, ఇంటి వెనక వరండాలో, రెండు కూరల మధ్య, బట్టలుతకడానికీ ఆరెయ్యడానికీ మధ్య జరుగుతుంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా జరుగుతోంది. ఈ విషయం ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎప్పుడూ అనలేదు, అంతే.

మొదలుపెట్టించింది మామగారు అసిరయ్య. కార్ఖానాలో మోటార్లు చుట్టే షెడ్డులో ముప్పై నాలుగేళ్ళు చేసి, రిటైరయ్యాక ఆ షాపు పెట్టాడు. పెట్టిన రెండో ఏడే కళ్ళకి శుక్లాలొచ్చాయి. వేళ్ళు బాగానే పనిచేస్తున్నాయి గానీ చుట్లు లెక్కపెట్టడం తప్పిపోతోంది. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుంటే పది నిమిషాలకే వాడి కాళ్ళు వీధిలోకి లాగేవి. నలభై రెండు దగ్గర ఆపమంటే నలభై మూడు దగ్గర ఆపేవాడు. “ఒక్క సుట్టే గదా నాన్నా” అనేవాడు. ఇంట్లో కొత్తకోడలు, ఇరవై ఏళ్ళది, పదో తరగతి దాకా చదివింది, లెక్కలంటే భయం లేదు. మామగారు పిలిచి, “నువ్వు లెక్కెట్టమ్మా, నాను సుడతాను” అన్నాడు. ఏడాది తిరక్కుండా రోహిణి లెక్కా పెడుతోంది, చుడుతూనూ ఉంది. అసిరయ్య పక్కన కూర్చుని తీగని వేళ్ళతో తడిమి నంబరు చెప్పేవాడు. ఆవిడకీ ఆ విద్య పట్టుబడింది. తీగని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే ఇరవయ్యో నంబరో ఇరవై ఒకటో నంబరో చెప్పేస్తుంది. మామగారు పోయి తొమ్మిదేళ్ళయింది. పోయేముందు వారం కూడా అడిగాడు, ఎన్ని చుట్లమ్మా అని.

ఆయన దగ్గర నేర్చుకున్నవన్నీ రోహిణి ఒక పుస్తకంలో రాసుకునేది. మోటారు ఎంతది, ఇనపగుండు పొడవెంత, స్లాట్లెన్ని, కాయిలుకి చుట్లెన్ని, తీగ నంబరెంత. మొదటి నోటుబుక్కు అయిపోతే రెండోది దానికి కలిపి కుట్టింది, తర్వాత మూడోది. పైన పాత రవికెగుడ్డతో అట్ట వేసింది. పదిహేడు వందల పైచిలుకు మోటార్లున్నాయి అందులో. అంతా తెలుగులోనే, ఎందుకంటే ఆవిడ చేతికి హాయిగా వచ్చిన రాత అదొక్కటే. ఆ ఇంట్లో మిగిలినవాళ్ళకి తెలుగు నోట్లో ఉందిగానీ కళ్ళలో లేదు. గౌరీశంకర్ ఇక్కడే పుట్టి హిందీ బళ్ళో చదివాడు. నవ్య తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. నూకమ్మకి ఏ రాతా రాదు. అందుకని ఆ పుస్తకం ఎక్కడ పడేసినా ఫరవాలేదు, రోహిణి పెట్టెకి తాళం వేసుకోనక్కర్లేదు. అందులో మోటార్ల లెక్క కింద ఇంకా ఏవేవో రాసుకునేది.

ఎప్పుడైనా పెద్ద గిరాకీ తిన్నగా ఇంటికే వచ్చేస్తే తమాషాగా ఉండేది. బయట స్కూటరు ఆగిన చప్పుడవగానే గౌరీశంకర్ “లే, లే, టీ పెట్టు” అనేవాడు. రోహిణి సగం చుట్టిన మోటారు ముందునుంచి లేచి వంటింట్లోకి, ఆయన ఆవిడ పీట మీదకి. తీగని స్లాటులోకి నెట్టే ఫైబరు పుల్ల చేత్తో పట్టుకుని, కళ్ళు చికిలించి, స్లాటులోకి చూస్తూ కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు “వాహ్, క్యా సఫాయీ హై” అని పని నీటుని మెచ్చుకుంటే, టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రోహిణికి నవ్వొచ్చేది. ఎందుకంటే ఆయన పుల్లని తలకిందులుగా పట్టుకునేవాడు. మొదట్లో నిజంగానే నవ్వేది. తర్వాత తర్వాత ఆ నవ్వు గొంతులో ఎక్కడో అడ్డం పడటం మొదలుపెట్టింది. ఒకసారి పెళ్ళికి వెళ్తూ వేళ్ళకి ఉంగరం పెట్టుకుంటుంటే, “నీ సేతులేటి, మగోడి సేతుల్లా అయిపోనాయి” అన్నాడాయన. ఎలా అయిపోయాయో ఆయనకి తెలియదన్నట్టు అన్నాడు. ఆ రోజు మాత్రం ఆవిడ ఏడ్చింది.

సరే, ఇలా ఉండగా ఊళ్ళో ఒక కరువొచ్చింది. మోటార్లు కాలిపోవడం ఆగలేదు, చుట్టేవాళ్ళు ఆగిపోయారు. పాతకాలపు మిస్త్రీలు ఒక్కొక్కళ్ళూ రిటైరై సొంతూళ్ళకి చేరుకున్నారు. కుర్రాళ్ళకి ఈ పని చూస్తే నడుం నొప్పి. షాపులో నాలుగేళ్ళు పనిచేసిన పైడిబాబు సూరత్ పోయాడు, వాడి వెనకే ఇంకో ఇద్దరు పోయారు. ఆదిత్యపూర్‌లో మోటార్లు బాగుచేసే కంపెనీ ఒకటి రేకుల షెడ్డు నిండా మోటార్లు పెట్టుకుని మనుషుల కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. ఆ కంపెనీ ఇంజినీరు కల్పన ఒకరోజు భాలుబాసా షాపుకొచ్చింది. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగమ్మాయి.

ఆ సాయంత్రం గౌరీశంకర్ సాక్చి బజారు నుంచి కిలో జిలేబీ పట్టుకొచ్చి, నిలబడే అంతా చెప్పాడు. ఎనిమిదేళ్ళ కిందట తన షాపులో చుట్టిన మోటార్లు రెండు బేరింగుల కోసం ఆ కంపెనీకి వచ్చాయట. లోపల తీగ కొత్తదానిలా ఉందట. మరీ ముఖ్యంగా కాయిళ్ళ చివర దారం కట్టిన ముడి చూసి ఆ అమ్మాయి ఆశ్చర్యపోయిందట. ఎంత అదిరినా సడలని ముడి. ఈ ముడి వేసిన చేతులెవరివని ఊరంతా అడుగుతూ వచ్చిందట. కంపెనీ పని నేర్పే బడి పెడుతోంది, పదిహేనుమంది పిల్లలు, సగం మంది ఆడపిల్లలే, వాళ్ళకి మాస్టారు కావాలి. “మెషీన్లు కొనుక్కోగలం, తెలివెక్కడ కొనుక్కుంటాం అన్నాది” అని గౌరీశంకర్ మురిసిపోయాడు. వచ్చే ఆదివారం చిన్న పరీక్ష ఉంటుంది, అదైపోతే ఉద్యోగం.

ఆ ముడి రోహిణిది. అసిరయ్య వేసే ముడి కూడా కాదు. మామగారి ముడి ఒకటి రెండేళ్ళకి సడలడం చూసి, ఒకరోజు తోచక మల్లెపూలు కట్టినట్టు కట్టింది. పూల కాడలకి రెండు మెలికలు వేసి లాగుతారే, అదే. మామగారు తడిమి చూసి, “ఇదెవులు నేర్పినారే నీకు” అన్నాడు. మా అమ్మ, అంది.

జిలేబీ తింటూ రోహిణికీ సంతోషంగానే ఉంది, ఒక రెండు నిమిషాలు. ఆ తర్వాత ఆయన తన పథకం చెప్పాడు. “సాయంత్రం నువ్వు నాకు సెప్పు, పొద్దున్న నాను ఆళ్ళకి సెప్తాను. ఎలాగూ ఇంటి కాడ ఖాళీగానే ఉంటావు గదా.” నూకమ్మ తల ఊపింది. ఏ లోటూ లేని ఏర్పాటు అని ఇద్దరికీ తోచింది. రోహిణి చేతిలో జిలేబీ పాకం చల్లారి బంకగా అయింది.

“ఆ పరీచ్చేదో నానే రాత్తే?” అంది, జిలేబీ వైపు చూస్తూనే.

గౌరీశంకర్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, చిన్నపిల్ల ముద్దుమాట అంటే నవ్వినట్టు నవ్వాడు. షెడ్డులో అంతా మగోళ్ళుంటారు, హిందీలో పాఠం చెప్పాలి, నీకెక్కడవుద్దే అన్నాడు. ఇంట్లో పని ఎవులు సేత్తారు అని నూకమ్మ అడిగింది. రోహిణి లేచి చెయ్యి కడుక్కుంది.

ఫారం మాత్రం ఆవిడే నింపింది. ఆ ఇంట్లో రేషన్ కార్డు దగ్గర్నుంచి నవ్య కాలేజీ దాకా ఏ ఫారమైనా రోహిణే నింపుతుంది, హిందీ అక్షరాలు కూడబలుక్కుంటూ. అభ్యర్థి పేరు, గౌరీశంకర్. అనుభవం, ఇరవై ఒక్క ఏళ్ళు. పని ఎవరి వద్ద నేర్చుకున్నారు, అని ఒక గడి. అసిరయ్య, అని రాసింది. రాశాక పెన్ను కదల్లేదు. ఆ గడిలో ఆ పేరుంటే, పైన అభ్యర్థి గడిలో ఎవరి పేరుండాలో ఆవిడకి తెలుసు. మామగారు పక్కన కూర్చుని అడుగుతున్నట్టే ఉంది, ఎన్ని చుట్లమ్మా అని. కన్నీళ్ళేం రాలేదు, ఒళ్ళు మండింది. ఆ ఉద్యోగం తనకి కావాలి. ఎవరికో మేలు చెయ్యడానికి కాదు, ఇంటి ఖర్చుకీ కాదు. బోర్డు ముందు నిలబడి, పదిహేనుమంది పిల్లలు చూస్తుండగా, “ఇదిగో, తీగ ఇలా పట్టుకోవాల” అని చెప్పడానికి కావాలి. ఇంత కాలం ఇది కావాలని ఎప్పుడూ అనుకోనందుకు తన మీద తనకే కోపమొచ్చింది. అయినా ఫారం మడిచి ఆయనకే ఇచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా మరి.

ఇక ఆ వారం రోజులూ గౌరీశంకర్ విద్యాభ్యాసం చూడాల్సిందే. మధ్యాహ్నం షాపు మూసి వచ్చి వరండాలో బాసింపట్టు వేసుక్కూర్చునేవాడు. రోహిణి చెబుతుంటే ఫోను చూసేవాడు. పది చుట్లకి ఒకసారి ఎన్నయ్యాయో ఆవిణ్ణే అడిగేవాడు. దారం ముడి వెయ్యబోయి బొటనవేలు కట్టేసుకున్నాడు, కత్తెర కావాల్సివచ్చింది. నూకమ్మ గుమ్మంలో కూర్చుని, “మీ నాన్న సెప్పినప్పుడూ ఇలాగే తొంగున్నావు” అంది. నవ్య వచ్చి ఇదంతా చూసి, తల్లిని వంటింట్లోకి లాక్కెళ్ళి, “మమ్మీ, ఆతా తో ఆప్‌కో హై, ఫిర్ జాబ్ పాపా కో క్యూం?” అంది. వచ్చింది నీకైతే ఉద్యోగం నాన్నకెందుకు అని. నోర్మూసుకుని అన్నం తిను అంది రోహిణి. ఆ మాట మాత్రం గిన్నెలు తోముతున్నంతసేపూ చెవుల్లోనే ఉంది.

ఆదివారం ఇద్దరూ స్కూటరు మీద ఆదిత్యపూర్ వెళ్ళారు. ఒక్కొక్కళ్ళు ఒక సహాయకుణ్ణి తెచ్చుకోవచ్చన్నారట. గౌరీశంకర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులోంచి ఫైబరు పుల్ల బయటికి కనపడేలా పెట్టుకున్నాడు. రుజువుగా ఉంటుందని పుస్తకం కూడా సంచిలో వేసుకున్నాడు. పెద్ద హాల్లో బల్లలు, పరీక్షకొచ్చినవాళ్ళు నలుగురే, అందులో గౌరీశంకరే కుర్రాడు. పక్క బల్ల దగ్గరున్న ముసలయ్య అనే ఆయనకి డెబ్బై దాటాయి. ఎవరూ దొరక్క తనని ఇంటి నుంచి బతిమాలి తెచ్చారని నవ్వుతూ చెప్పాడు. సహాయకుల్లో ఆడది రోహిణి ఒక్కతే.

కల్పన వచ్చి అందరికీ నమస్కారాలు పెట్టింది. గౌరీశంకర్ బల్ల మీద ఒక మోటారు గుండు పెట్టించింది. ఖాళీ స్లాట్లు. “మాస్టారూ, దీనికి పేరుపలక నేదు. పాత తీగ ఎవులో పీకి పారేసినారు. ఎన్ని సుట్లుండాలో ఎవులికీ తెల్దు. మీరు సెప్పాల,” అంది.

గౌరీశంకర్ ఏమాత్రం బెదరలేదు. సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఏళ్ళ మోటార్లన్నీ ఇందులో ఉన్నాయి, ఇలాంటిది దొరక్కపోదు అన్నాడు. కల్పన పుస్తకం అందుకుని ఒక్కొక్క పేజీ తిప్పింది. అలా తిప్పుతుంటే ఆ అమ్మాయి మొహంలోకి వెలుగొచ్చింది. ఇలాంటి పుస్తకం కోసం మా కంపెనీ అలమారాలన్నీ వెతికాం, పెద్దవాళ్ళు వెళ్ళిపోతూ బుర్రలో ఉన్నది పట్టుకెళ్ళిపోయారు అంది. “అంకెలైతే తెలుస్తన్నాయి, ఏ అంకె దేనికో తెల్దు. నాకు తెలుగు సదవడం రాదు మాస్టారూ, మా రైల్వే బళ్ళో నేర్పనేదు. మీరు సదవండి, నేను రాసుకుంతాను.”

గౌరీశంకర్ పుస్తకం తీసుకున్నాడు. అక్షరాల వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. ఇన్నేళ్ళూ ఆ పుస్తకాన్ని ఆయన గది ఇవతలి నుంచి ప్రశ్నలడిగాడు. అది ఎప్పుడూ రోహిణి గొంతుతో జవాబు చెప్పింది. ఒక్కసారి కూడా తెరవాల్సిన అవసరం రాలేదు. అది తెలుగులో ఉందన్న సంగతే ఆయనకి తట్టలేదు.

“కళ్ళజోడు మర్సిపోనాను,” అన్నాడు.

పక్క బల్ల ముసలయ్య పాపం తన కళ్ళజోడు తీసిచ్చాడు. గౌరీశంకర్ పెట్టుకున్నాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. అంతకుమించి ఏమీ కాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. “రోహిణీ, సదివీ,” అన్నాడు, పుస్తకం పక్కకి జరిపి.

రోహిణి గుండుని జానతో కొలిచింది, వేళ్ళతో లోపల తడిమింది, స్లాట్లు లెక్కపెట్టింది. పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. “ముప్పై ఆరు స్లాట్లు. కాయిలుకి నలభై నాలుగు సుట్లు. ఇరవై ఒకటో నంబరు తీగ,” అని చదివింది. కల్పన రాసుకుంది. తర్వాత వంగి పేజీలోకి చూసి, “ఈ కింద రెండు లైన్లేటి అక్కా? పతీ దాని కిందా ఉన్నాయి,” అంది.

రోహిణికి సిగ్గు ముంచుకొచ్చింది. ఏం లేదు, ఏదో ఇంటి సంగతి అని దాటెయ్యబోయింది. పనికొచ్చేదేమైనా ఉంటుందేమో చదవండి అంది కల్పన. మనిషి చేసిన పనికి సంబంధించిన ఏ ముక్కా వదలదలచుకోలేదు ఆ అమ్మాయి. రోహిణి గొంతు సవరించుకుంది.

“ఇది చుట్టినరోజు నవ్యకి ఆటలమ్మ పోసింది. వొళ్ళో పడుకుంది. ముప్పయ్యో చుట్టు దగ్గర రెండుసార్లు ఆగేను. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టేను.”

 కల్పన పెన్ను పైకెత్తి, గౌరీశంకర్ వైపు చూసింది, రోహిణి వైపు చూసింది. “ఎవులు ఆగేరు అక్కా?” అంది.

ఆ ప్రశ్నకి ఇన్నేళ్ళ జవాబు రోహిణి నాలిక చివరే ఉంది. ఆయనే, అంటే చాలు. ఆయన చెబితే నేను రాశాను, అంటే చాలు. ఆ ఒక్క మాటతో బావ మొహంలో ఎరుపు తగ్గుతుంది, చొక్కా ఇస్త్రీ నలగదు, ఇంటికెళ్ళి పప్పు వండుకోవచ్చు. ఆయన ఆవిడ వైపే చూస్తున్నాడు. బతిమాలుతున్నట్టే ఉన్నాయి కళ్ళు. జాలేసింది కూడా. కాని వొళ్ళో పిల్ల పెట్టుకుని, కుడిచేత్తో తీగ చుడుతూ, ఎడమచేత్తో పిల్ల గోక్కోకుండా పట్టుకుని, ముప్పయ్యో చుట్టు దగ్గర ఆగిపోయిన ఆ మధ్యాహ్నం ఎవరిది? దాన్ని ఎవరికి ఇచ్చేస్తుంది? ఎలా ఇచ్చేస్తుంది?

“నానే,” అంది రోహిణి. “ఆ మోటారు నానే సుట్టేను. ఈ పుస్తకంలో ఉన్నవన్నీ నానే సుట్టేను. మా మావ నాకు నేర్పినాడు.”

 బల్ల అంచు పట్టుకుంది. గౌరీశంకర్ ఏమంటాడో అని అందరూ చూశారు. ఆయన ముసలయ్య కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఆయనకిచ్చేశాడు. తర్వాత జేబులోంచి ఫైబరు పుల్ల తీసి రోహిణి ముందు పెట్టాడు. తిన్నగా పెట్టాడు, పట్టుకునే వైపు ఆవిడకుండేలా. అంటే ఇన్నేళ్ళూ ఎటు పట్టుకోవాలో ఆయనకి తెలియకపోలేదన్నమాట, సరిగ్గా పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. స్టూలు ఖాళీ చేసి పక్కకి జరిగాడు.

రోహిణి కూర్చుంది. చెంగు నడుముకి దోపింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆవిడకి ఎవరూ కనపడలేదు. కాగితం కత్తిరించింది, ఫర్మా అనే చెక్క అచ్చు మీద కాయిళ్ళు చుట్టింది, లెక్క పెదాల మీదే నడిచింది. ఒక్కొక్క తీగా స్లాటులోకి దిగుతుంటే చుట్టూ మనుషులు చేరారు. గౌరీశంకర్ అడక్కముందే కత్తెరిచ్చాడు, వెదురుపుల్లలు చెక్కిచ్చాడు, మంచినీళ్ళు తెచ్చాడు. సహాయకుడిగా ఆయనంతవాడు లేడు. చివర రోహిణి దారం తీసుకుని మల్లెపూల ముడి వేస్తుంటే కల్పన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. “మరొక్కసారి ఎయ్యండక్కా,” అంది. రోహిణి మెల్లిగా వేసి చూపించింది. అలా చూపిస్తున్నప్పుడు, పాఠం మొదలైపోయిందని ఆవిడకి తెలిసింది. లోపల్నుంచి నవ్వొచ్చింది, ఈసారి ఎక్కడా అడ్డం పడలేదు.

కరెంటిచ్చి చూశారు. మోటారు మెత్తగా తిరిగింది. “మాస్టారు దొరికినారు, ఫారం మీద పేరు మార్సి రాయండక్కా,” అంది కల్పన. గౌరీశంకర్ ముసలయ్యతో, “నా ఇల్లాలే” అన్నాడు. అదృష్టవంతుడివి అన్నాడు ముసలయ్య, ఇద్దర్నీ చూసి, మొగుణ్ణే ఉద్దేశించి.

 తిరిగొస్తుంటే ఖర్కాయి నది వంతెన మధ్యలో గౌరీశంకర్ అన్నాడు, “ముందే సెప్పొచ్చు గదే నాకు. పరువు పోనాది.”

“సెప్పేను గదా. జిలేబీ తింటా నవ్వీసేవు.”

 ఆయన స్కూటరు వేగం తగ్గించి, గుంతలు చూసుకుని నడిపాడు.

ఇంట్లో సంగతి విని నవ్య గెంతులేసింది.  వంటెవరు చేస్తారని నూకమ్మ అడుగుతుందేమో అనుకుంది రోహిణి. “మీ మావ ఉంటే ఈ రోజు వీధంతా సెప్పుకునీవోడు,” అంది నూకమ్మ. ఆ తర్వాత వంటెవరు చేస్తారని కూడా అడిగింది. నవ్య, గౌరీశంకర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది వాళ్ళిద్దరూ తేల్చుకోవాల్సిన విషయమని రోహిణి అక్కణ్ణించి లేచి వచ్చేసింది.

వారం తర్వాత, రేపు బడి మొదలనగా, రోహిణి వరండాలో కూర్చుని పిల్లల కోసం వెదురుపుల్లలు చెక్కుతోంది. స్కూటరు ఆగింది. గౌరీశంకర్ గోనెసంచిలో ఒక మోటారు మోసుకొచ్చి ఎప్పటి చోట పెట్టాడు. “ఖాళీగానే...” అని నోరు తెరిచి, అక్కడే ఆపేశాడు. నిలబడి తల గోక్కున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ మాట సగంలో ఆగడం ఇదే మొదటిసారి.

“రేపట్నుంచి ఇయ్యన్నీ ఎవులు సుడతారే?” అన్నాడు, నిజంగానే దిగులుగా.

“నువ్వే.”

“నాకొచ్చా?”

“నేర్సుకో. మా బడిలో సాయంత్రం బ్యాచీలో ఒక సీటుంది. కల్పననడిగి అట్టిపెట్టేను.” పీట కింద నుంచి ఫారం తీసి ఇచ్చింది, పెన్నుతో సహా.

గౌరీశంకర్ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. పని ఎవరి వద్ద నేర్చుకున్నారు అన్న గడి దగ్గర ఆగాడు. అది ఖాళీగా ఉంది. మెల్లిగా, గారాబంగా అడిగాడు, “ఈ ఫారాలూ గీరాలూ ఎందుకే. ఇంటి కాడే నేర్పీకూడదా?”

రోహిణి చెక్కిన పుల్లని వేలితో నిమిరి, నున్నగా ఉందని చూసుకుని, కట్టలో పెట్టింది.

“ఇంటి కాడ నాను ఖాళీగా ఉండను, బావా,” అంది.